డ్యూటీ దిగని అమ్మ

మా అమ్మ ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసింది. చివరి పదేళ్ళూ భద్రాచలంలోనే. రిటైరైన ఏడాదికి నా పురుడు పోయడానికి ఇంగ్లండు వచ్చింది. ఆరు నెలల విజిటర్ వీసా. అందులో అయిదు నెలలకు పైగా రెడింగ్‌లోని మా ఇంట్లో పొయ్యికీ ఉయ్యాలకీ మధ్యే గడిచిపోయాయి. ఇంకో మూడు వారాల్లో విమానం ఎక్కుతుందనగా, బాత్ అనే ఊళ్ళో శనివారం రాత్రికి ఒక గదీ, అక్కడి వేడినీటి స్పాలో రెండు గంటల టికెట్లూ తీసుకున్నాను. పిల్లవాణ్ణి తను చూసుకుంటానన్నాడు మా ఆయన. సీసాల్లో పాలు పిండి పెట్టాను. అమ్మ వాటి మీద తేదీలు రాసి, ఏది ముందు పట్టాలో అల్లుడికి రెండుసార్లు చెప్పి, గుమ్మం దాటాక ఇంకోసారి చెప్పింది.

రెడింగ్ నుంచి బాత్‌కు రైల్లో గంట ప్రయాణం. ఆ గంటలో మొదలైన వాదన మర్నాడు సాయంత్రం దాకా సాగింది. గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అమ్మ: ఎంతయింది?

నేను: అది అడగనని మాటిచ్చావు.

అమ్మ: లెక్క కోసం అడగలేదు. ఎందుకు పెట్టావో తెలుసుకుందామని. అమ్మ ఇన్ని నెలలు చాకిరీ చేసింది, ఉత్త చేతులతో పంపకూడదు అనుకున్నావు. పండక్కి పనిమనిషికి చీర పెట్టినట్టు.

నేను: అమ్మా!

అమ్మ: కోపంతో అనడం లేదమ్మా. నీ మనసులో అది లేదని తెలుసు. అయినా నాకు అలాగే తగిలింది. కూతురి పురుడు పోయడానికి వచ్చినదానికి కూలి ఉండదు.

నేను: ఇది కూలి కాదు. నువ్వొచ్చిన రోజు నుంచీ పగలు నీ నడుం మంచానికి ఆనడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. కాసేపు పడుకో అంటే పప్పు నానబోసి వస్తానంటావు. పప్పు అయ్యాక వాడి బట్టలు మడతపెడతానంటావు. వంటగది ఉన్న ఇంట్లో నిన్ను కూర్చోబెట్టడం నావల్ల కాదు. అందుకే వంటగది లేని చోటికి తీసుకెళ్తున్నాను.

అమ్మ: కూర్చుంటేనే విశ్రాంతి అని ఎవరన్నారు? పొద్దున వాడికి నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తానే, ఆ అరగంటే నాకు విశ్రాంతి. దాన్ని మాన్పించి, రైలెక్కించి, ఇంకెక్కడో నీళ్ళలో దింపుతానంటున్నావు.

ఇక్కడ నా దగ్గర జవాబు లేదు. కిటికీలోంచి గొర్రెల మందలు వెనక్కి పోతున్నాయి. అమ్మ ఫోను తీసి అల్లుడికి మెసేజ్ పెట్టింది, బాబు లేచాడా అని.

బాత్ స్టేషను దిగగానే ఊరంతా ఒకే రంగులో కనిపిస్తుంది. చుట్టుపక్కల గనుల్లోంచి తీసిన సున్నపురాయితో కట్టిన ఇళ్ళు. ఎండ పడితే తేనె రంగు, మబ్బు పడితే పాత కాగితం రంగు. 1987లో యునెస్కో ఈ ఊరంతటినీ ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2021లో యూరప్‌లోని పదకొండు గొప్ప వేడినీటి ఊళ్ళలో ఒకటిగా రెండోసారి ఆ జాబితాకెక్కింది. నేను ఇవన్నీ చెబుతుంటే అమ్మ రాళ్ళబాట చూసుకుంటూ నడుస్తోంది. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు ఊరికంటే ముందు నేలను చూస్తారు.

ముందు రోమన్ స్నానశాలకు వెళ్ళాం. రెండు వేల ఏళ్ళ కిందట రోమన్లు కట్టిన పెద్ద కొలను. అడుగున పరిచిన సీసపు రేకులు నలభై అయిదూ ఇంకా అలాగే ఉన్నాయి. పైకప్పు లేదు. నీళ్ళు పాచి పట్టి ఆకుపచ్చగా, పైన సన్నగా ఆవిరితో ఉన్నాయి. దానికి నీళ్ళిచ్చే ఒక్క ఊటలోంచే రోజుకు 11 లక్షల 70 వేల లీటర్ల నీళ్ళు 46 డిగ్రీల వేడితో పైకి వస్తాయి. పక్కనున్న మెండిప్ కొండల మీద వేల ఏళ్ళ కిందట కురిసిన వాన రాతి పగుళ్ళలోంచి భూమి లోపలికి కిలోమీటర్ల లోతుకు దిగి, అక్కడ కాగి, మళ్ళీ పగుళ్ళ దారినే పైకి తన్నుకొస్తోంది. ఈ ఊటకు రోమన్లకు ముందే సులిస్ అనే దేవత ఉంది. వాళ్ళొచ్చి తమ మినర్వాను ఆమెతో కలిపేసి సులిస్ మినర్వా అని గుడి కట్టారు.

అమ్మ: మన ముత్యాలమ్మను దుర్గమ్మ అంటారే, అలా. ఊరి తల్లిని ఎవరూ తీసేయలేరు. ఇంకో పేరు తగిలిస్తారు, అంతే.

అద్దాల పెట్టె దగ్గర ఆగింది. రోమన్లు ఒంటికి నూనె పట్టించి, మర్దన చేయించుకుని, వంపు తిరిగిన లోహపు పనిముట్టుతో ఆ నూనెనూ మురికినీ గీకి తీయించుకునేవారని అక్కడ ఉంది.

అమ్మ: ఇది తలంటేగా! సున్నిపిండి బదులు ఇనుప ముక్క. సబ్బు లేదన్నమాట వీళ్ళకు.

నేను: మరి తలంటు కోసం ఇంత ఊరు కట్టుకున్నవాళ్ళ ముందు, నీళ్ళకు డబ్బు పెట్టడం తప్పంటావా?

అమ్మ: గీకింది ఎవరో కూడా చూడు. బానిసలు. డబ్బున్నవాడు పడుకున్నాడు, లేనివాడు గీకాడు. తలంటు అనేది అయినవాళ్ళు పోయాలి. నా చిన్నప్పుడు మా అమ్మ పోసింది, నీకు నేను పోశాను, వాడికీ పోస్తున్నాను. వెల కట్టి పరాయి చేతులకు ఒళ్ళు అప్పగించడం నాకు నచ్చదు.

నేను: నువ్వు ముప్పై నాలుగేళ్ళు చేసింది ఏమిటి? లేవలేని ఆడవాళ్ళకు మంచం మీదే ఒళ్ళు తుడిచావు. పుండు పడకుండా వీపుకు పౌడరు రాశావు. జడలు వేశావు. వాళ్ళు నీకేమవుతారు? నీకు జీతం రాలేదా? నీ చేతులు వాళ్ళకు పరాయి చేతులేగా. వాళ్ళకు అవి పరాయిగా అనిపించాయా?

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. రైలింగు పట్టుకుని నీళ్ళకేసి చూసింది.

అమ్మ: వాళ్ళు చేతకాక చేయించుకున్నారు. నాకు ఇంకా చేతనవుతుంది.

నేను: చేతకాకుండా పోయేదాకా ఆగాలా?

అమ్మ: ...పద, ముందుకు నడు. వెనక జనం ఉన్నారు.

ముందుకు నడిస్తే శాపాల గది. సొమ్ము పోగొట్టుకున్నవాళ్ళు పలచటి సీసపు రేకు మీద దేవతకు ఫిర్యాదు గీసి, చుట్ట చుట్టి, ఊటలో పడేసేవారు. అలాంటివి నూటముప్పై దాకా దొరికాయి. పోయినవి పెద్ద సొమ్ములేమీ కావు. స్నానానికి వెళుతూ విడిచిన పైబట్ట, చేతి తొడుగులు, కాసిని నాణేలు. దొంగ ఆడో మగో, బానిసో కాదో తెలియదు కాబట్టి అందరినీ కలిపి శపించేవారు. కొన్నిటిలో కోరిక ఏమిటంటే, ఆ దొంగకు నిద్ర పట్టకూడదు.

నేను: చూడు. ఒక మనిషికి వెయ్యగలిగిన పెద్ద శిక్ష నిద్ర లేకుండా చెయ్యడమని వాళ్ళకు తెలుసు. ఇన్ని నెలలుగా నువ్వు వరసగా మూడు గంటలు నిద్రపోయిన రాత్రి ఎన్ని?

అమ్మ: వాళ్ళ నిద్ర దేవత లాక్కోవాలి. నా నిద్ర నేనే ఇచ్చాను. నువ్వు కాసేపు కన్ను మూస్తావని. ఇచ్చినదాన్ని పోయినట్టు లెక్కెయ్యకు.

ఈ మాట నాకు ఇప్పటికీ పక్కన కూర్చుని చెప్పినట్టే వినిపిస్తుంది. నేను చేస్తున్న తప్పు ఏమిటో అప్పుడు కొంత అర్థమైంది. ఆమె ఇచ్చినదంతా నా మీద అప్పుగా రాసుకుంటున్నాను. దాన్ని తీర్చే తొందరలో ఉన్నాను. అయినా, ఇచ్చేవాళ్ళకు ఒళ్ళు నొప్పి పుట్టదా? ఆ సంగతి మాత్రం నేను వదలదలచుకోలేదు.

బయటికొచ్చి పక్కనే ఉన్న పంప్ రూమ్‌లో కూర్చున్నాం. 1795 నాటి హాలు. ఎత్తయిన కిటికీలు, షాండ్లియర్, ఒక మూల ఊటనీళ్ళు గ్లాసుల్లో పట్టి ఇచ్చే చోటు. అమ్మ ఒక గుక్క తాగి నోట్లోనే ఉంచుకుని చూసింది. కడిగిన ఇనుప మూకుట్లో వెచ్చబెట్టిన నీళ్ళలా ఉన్నాయంది. ఒకప్పుడు డాక్టర్లు రోజుకు ఇన్ని గ్లాసులని రాసిచ్చేవారట అన్నాను.

నేను: ఈ నీళ్ళ కోసం ఆసుపత్రే కట్టారమ్మా. 1738లో చందాలు పోగుచేసి మొదలుపెట్టారు, 1742లో రోగులను చేర్చుకున్నారు. బీదవాళ్ళకు ఉచితం. విలియం ఆలివర్ అనే డాక్టరు పెద్దదిక్కు. చేరేటప్పుడు మాత్రం కొంత సొమ్ము ముందుగా కట్టించుకునేవారు. నయమైతే ఇంటికి వెళ్ళే ఖర్చుకు, చనిపోతే పూడ్చే ఖర్చుకు.

అమ్మ: తెలివైన పనే. మా వార్డుల్లో శవాన్ని ఊరికి తీసుకెళ్ళడానికి డబ్బుల్లేక గేటు దగ్గర కూర్చున్నవాళ్ళను ఎంతమందిని చూశానో. ఇంతకీ నీళ్ళతో ఏం నయమయ్యేది?

నేను: కీళ్ళ నొప్పులు, చర్మరోగాలు. ఇంకా చచ్చుబడిన చేతులు. అప్పట్లో రంగుల్లో, పళ్ళ సారాయిలో, గిన్నెల్లో అంతటా సీసమే. ఆ విషం ఎక్కి మణికట్లు వేలాడిపోయి వచ్చేవారు. వారాల తరబడి మెడ దాకా నీళ్ళలో కూర్చోబెడితే చాలామందికి చేతులు లేచేవి.

అమ్మ ముఖం మారిపోయింది. అప్పటిదాకా ముళ్ళ మీద కూర్చున్నట్టున్న మనిషి కుర్చీ ముందుకు లాక్కుంది.

అమ్మ: అవుతుంది. ఎందుకు కాదు? మెడ దాకా నీళ్ళలో ఉంటే కాళ్ళలో రక్తం ఛాతీకి ఎగదన్నుతుంది. గుండె పొంగినట్టవుతుంది. ఒంట్లో నీరెక్కువైందనుకుని కిడ్నీలు మూత్రాన్ని ఎక్కువగా వదులుతాయి. దాంతో పాటు సీసమూ పోతుంది. దేవత మహిమ అనుకున్నా, పని చేసింది కిడ్నీ. ఆ ఆసుపత్రి ఉందా ఇప్పుడు?

నేను: కీళ్ళ జబ్బుల విభాగంగా 2019 దాకా ఇదే ఊళ్ళో, అదే పాత భవనంలో ఉంది. తరవాత పెద్దాసుపత్రి ఆవరణలోకి మార్చారు. పాత భవనాన్ని హోటలు కోసం అమ్మేశారు.

అమ్మ: మరి ఈ వేడినీళ్ళ వైద్యం?

నేను: 1976లో ప్రభుత్వ వైద్యం నుంచి తీసేశారు. రెండేళ్ళకు, 1978లో, ఈ నీళ్ళలో ఈదిన ఒక అమ్మాయి మెదడుకు సోకే అమీబాతో చనిపోయింది. దాంతో స్నానాలన్నీ ఆపేశారు. లోతు నుంచి శుభ్రమైన నీళ్ళు రావడానికి కొత్తగా బోర్లు వేశారు. మళ్ళీ జనం ఈ నీళ్ళలో దిగింది 2006లో, మనం సాయంత్రం వెళ్ళబోయే స్పా తెరిచాకే.

అమ్మ: అయితే విను. నువ్వు నన్ను ఒప్పించడానికి చెప్పిన కథ నా వైపే మాట్లాడుతోంది. చేతులు పడిపోయిన కూలివాడు ఉచితంగా కూర్చున్న నీళ్ళలో ఇప్పుడు జబ్బేమీ లేని నేను, కూతురు టికెట్టు కొంటే కూర్చుంటాను. నీళ్ళు అవే. మనిషి మారాడు. ఇది నాకు సంతోషంగా లేదు. ఆ టికెట్టు డబ్బుకు మా వార్డులో ఎన్ని రోజుల పాలూ రొట్టే వచ్చేవో నేను లెక్క వెయ్యకుండా ఉండలేను.

దీనికి నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడూ చెప్పలేను. ఈ విషయంలో అమ్మదే న్యాయమని నా నమ్మకం. వేడినీటి కొలనులో మోకాలి వ్యాయామం భద్రాచలం ఏజెన్సీలో బరువులు మోసి కీళ్ళు అరిగిన ఆడవాళ్ళకు దొరకాల్సింది. అది దొరికే రోజు నేను చూడాలని ఉంది. కానీ అది దొరకలేదని మా అమ్మ కూడా దాన్ని వద్దనుకోవాలంటే నేను ఒప్పుకోను. ఆ మాటే అన్నాను. అమ్మ గ్లాసులో మిగిలిన నీళ్ళు వదిలెయ్యకుండా తాగేసింది.

గదికి వెళ్ళాక ఇంకో పేచీ. ఈతబట్టలు. చేతులూ కాళ్ళూ నిండుగా కప్పేవి నెల ముందే కొని దాచాను. వాటిని మంచం మీద పరిచి పది నిమిషాలు చూసింది. ఆ తరవాత భద్రాచలం నుంచి తెచ్చుకున్న బీపీ మిషను సంచీలోంచి తీసి, పట్టీ చుట్టుకుని చూసుకుంది. నాకూ చూసింది.

అమ్మ: నూట ముప్పై నాలుగు, ఎనభై నాలుగు. దిగొచ్చు. షరతులు చెబుతున్నాను. ఇరవై నిమిషాలకొకసారి బయటికి రావాలి. వేడినీళ్ళలోంచి గభాలున లేవకూడదు, రక్తనాళాలు వదులై ఉంటాయి, కళ్ళు తిరుగుతాయి. మంచినీళ్ళు తాగుతూ ఉండాలి. నీ ఫోను లాకరులో పెట్టాలి.

నేను: నీది?

అమ్మ: అల్లుడుగారు ఫోను చేస్తే?

నేను: ఆయన వాడి తండ్రి.

పెట్టింది. లాకరు తలుపు మూసి, మళ్ళీ తీసి, మిస్డ్ కాల్ లేదని చూసి, అప్పుడు మూసింది.

స్పాలో మేము దిగిన కొలను మేడ మీద ఉంటుంది. ఊటనీళ్ళను సుమారు 33 డిగ్రీలకు చల్లార్చి వదులుతారు. మేము పైకెక్కేసరికి చీకటి పడుతోంది. పక్కనే ఆబీ చర్చి గోపురం, దాని వెనక ఊరి చుట్టూ కొండలు, ఇళ్ళలో ఒక్కొక్కటిగా వెలుగుతున్న దీపాలు. చలిగాలి ముఖానికి కొడుతుంటే మెడ కింద అంతా వెచ్చగా ఉంది. అమ్మకు ఈత రాదు. మెట్టు మెట్టుకూ ఆగి, మోచేతితో నీళ్ళ వేడి చూసి దిగింది, పసిపిల్లల నీళ్ళు చూసినట్టు.

అమ్మ: వాడికి పోసే నీళ్ళంత వేడి కూడా లేవు.

కాసేపు గోడ పట్టుకునే నిలబడింది. అలాగే ఒక చెయ్యి వదిలింది. నేను ఆమె తల కింద అరచెయ్యి పెట్టాను. కాళ్ళు వాటంతట అవే పైకి తేలాయి. మోకాలి నొప్పి మొదలైనప్పటి నుంచీ ఆ కాళ్ళ మీద బరువు లేకుండా ఉన్న క్షణం పడుకున్నప్పుడు తప్ప లేదు. పడుకుందీ తక్కువే. నేను మాట్లాడలేదు. వాదనలో గెలిచానో ఓడానో అనుకునే స్థితిలో లేను. ఆమె తల ఎంత చిన్నదో నాకు అప్పుడే తెలిసింది.

అమ్మ: గుండాల ఎప్పుడైనా తీసుకెళ్ళానా నిన్ను?

నేను: లేదు. వినడమే.

అమ్మ: భద్రాచలానికి అయిదు కిలోమీటర్లు. గోదారి ఒడ్డున ఇసుకలో గొయ్యి తీస్తే వేడినీళ్ళు ఊరతాయి. మా అమ్మకు కీళ్ళవాతం. అక్కడి నీళ్ళు కాళ్ళకు పోసుకుంటే బాగుంటుందని ఎవరో చెప్పారట. తీసుకెళ్ళవే అని అడిగింది. వచ్చే ఆదివారం అన్నాను. డ్యూటీ పడింది. ఆ పై ఆదివారం నీకు జ్వరం. అలా రెండేళ్ళు. తరవాత అడగడం మానేసింది. తరవాత తనే లేదు.

నేను: ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

అమ్మ: ఎప్పుడు చెప్తాను? మనిద్దరం ఖాళీ చేతులతో ఒకచోట ఉన్నదెప్పుడు?

రెండు గంటలూ ఉన్నాం. ఇరవై నిమిషాల షరతును అమ్మే మర్చిపోయింది. ఆ రాత్రి తొమ్మిదికి పడుకున్న మనిషి పొద్దున ఏడున్నరకు లేచింది. అంతసేపు పడుకుందంటే మొదట నాకు భయం వేసి, ఊపిరి చూశాను.

ఆదివారం రాయల్ క్రెసెంట్ దాకా నడిచాం. అర్ధచంద్రాకారంలో ముప్పై ఇళ్ళు ఒకే గోడగా, ముందు పచ్చిక. 1767లో మొదలుపెట్టి ఏడెనిమిదేళ్ళలో కట్టారు. దారిలో నేను వాల్కాట్ చర్చి గురించి చెప్పాను. నవలలు రాసిన జేన్ ఆస్టెన్ అమ్మానాన్నల పెళ్ళి 1764లో అక్కడే జరిగింది. ఆ తండ్రి ముసలితనంలో ఉద్యోగం మానుకుని, 1801లో భార్యనూ కూతుళ్ళనూ వెంటబెట్టుకుని ఈ ఊరొచ్చాడు. 1805లో పోయాడు. సమాధీ అక్కడే.

అమ్మ: ఆ తరవాత తల్లీకూతుళ్ళు?

నేను: ఆదాయం తగ్గిపోయింది. చిన్న ఇళ్ళకు మారుతూ, ఏడాది తరవాత ఊరే వదిలేశారు.

అమ్మ: అందుకే భయం నాకు. పెద్దవాళ్ళు సుఖం మరిగితే పిల్లల మీద పడుతుంది. నిన్న నీళ్ళు బాగున్నాయి. అది నేను కాదనను. మళ్ళీ కావాలనిపించేంత బాగున్నాయి. అదే నచ్చలేదు.

నేను: కావాలనిపించనీ అమ్మా. నాకు అదే కావాలి. నువ్వు ఒక్కసారైనా ఏదైనా నోరు తెరిచి అడగాలి. అమ్మమ్మ అడిగింది కదా. అడిగినందుకు ఆమె నీకు బరువైందా?

అమ్మ కొంగు సర్దుకుని పచ్చికలో కూర్చుంది. చాలాసేపటికి లేదన్నట్టు తల ఊపింది.

తిరుగు రైల్లో అల్లుడుగారి ఫోను వచ్చింది. బాబు రాత్రి రెండుసార్లే లేచాడట. పాలన్నీ తాగాడట. అమ్మ అంతా విని, సరే బాబూ అని ఫోను ఒళ్ళో పెట్టుకుంది. చిప్పెన్‌హామ్ దాటేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉంది.

అమ్మ: నువ్వు వేసవిలో రా. గోదారి తగ్గాక. గుండాల వెళ్దాం. గొయ్యి నువ్వు తీద్దువుగాని, నేను ఒడ్డున కూర్చుంటాను. నాకు కాళ్ళకు పోసిపెట్టు.

నేను: పార ఎక్కడ దొరుకుతుంది?

అమ్మ: ఇంట్లోనే ఉంది, గేటు పక్కన.